నాలుగింటికల్లా వచ్చేస్తుంది

"మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు."

ఇది ఇరవై మూడోసారి. అంత మర్యాదగా మాట్లాడే ఆ గొంతు వింటుంటే అక్కకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

మధ్యాహ్నం రెండుంపావయింది. చిట్టి ఇంట్లోంచి వెళ్ళి మూడు గంటలు దాటింది. పదకొండూ నలభై రెండు దాకా అది ఎక్కడుందో అక్క ఫోనులో నీలం చుక్కగా కనబడుతూనే ఉంది. వెళ్ళేముందు ఆ ఏర్పాటు చేసిపెట్టింది చిట్టే. ఆ చుక్క పెద్ద మార్కెట్ వెనక వీధిలోకి తిరిగింది. రెండు నిమిషాలు ఒకేచోట నిలబడింది. ఆరిపోయింది.

అక్క అప్పుడు మేడమీద బట్టలు ఆరేస్తోంది. చూసుకునేసరికి అరగంట గడిచిపోయింది. కాళ్ళకు దొరికిన చెప్పులేసుకుని పరిగెత్తి, ఆ వీధిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా రెండుసార్లు గాలించింది. ఆదివారం. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తెరిచివున్న మందుల షాపులో అడిగింది. పూలకుండీలు అమ్మే ఆవిడను అడిగింది. పసుపు చొక్కా వేసుకున్న పొట్టి అమ్మాయిని ఎవరూ చూడలేదన్నారు. ఇంకా తెరవని ఏడంతస్తుల కొత్త భవనం గేటుకు గొలుసేసి తాళం పెట్టి ఉంది. కుక్క ఒకటి దాని ముందు నిద్రపోతోంది. అంతే.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురూ మూడు మూలల్లో ఉన్నారు.

"అసలెవడే వాడు?" అమ్మ సోఫా అంచున కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. "ఎవరి తాలూకు? ఏం చేస్తాడు?"

"కాఫీ షాపు పెట్టబోతున్నాడట. ఫోనులో, పరిచయాల యాప్‌లో కలిశాడు. మూడు నెలలైంది."

"ఫోనులో కూరగాయలు తెప్పించుకుంటున్నారంటే అర్థముంది. మగాణ్ణి కూడా తెప్పించుకుంటారుటే?"

"అందరూ ఇప్పుడు అలాగే కలుసుకుంటున్నారమ్మా."

"అందరూ! ఆ అందరి పిల్లలూ ఇళ్ళల్లో ఉన్నారు. నా పిల్లే లేదు." అమ్మ గుమ్మం వైపు చూసింది. "ఊరందరికీ బ్రేకు వేయడం నేర్పుతుంది గానీ, దాని కాళ్ళకింద మాత్రం బ్రేకు లేదు."

చిట్టి డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకు కారు నేర్పుతుంది. ఇరవై ఆరేళ్ళు. లారీ డ్రైవర్లతో కూడా సమానంగా గొడవపడుతుంది. అలాంటిది ఈ కాఫీ షాపాయన పేరెత్తితే చాలు, కళ్ళు దించుకునేది. "నా మనసులో ఉన్నవన్నీ ముందే తెలిసినట్టు మాట్లాడతాడే అక్కా," అంది మొన్న. "ఫొటో చూపించవే," అంటే "ఛీ పో, దిష్టి పెడతావు," అని ఫోను వెనక్కి దాచుకుంది.

ఉబ్బసం ఉన్న పిల్ల. గొంతులో కొట్టుకునే మందు సంచిలో పెట్టుకుందో లేదో.

"పోలీసులకు చెప్దాం," అంది అక్క లేచి నిలబడి. "ఇంక ఆగడం నావల్ల కాదు."

"వద్దు."

అన్నది తమ్ముడు పండు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు బూరెబుగ్గలు చూసి అమ్మ పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. లిఫ్టుల కంపెనీలో మెకానిక్కు. ఆదివారమైనా ఏదో అర్జెంటు పనుందని పొద్దున్నే వెళ్ళాడు. అమ్మ ఫోను చేసి, "నాకేదో అయిపోతోందిరా, వెంటనే రా," అని ఏడిస్తే ఒకటిన్నరకు వచ్చాడు. చొక్కా చేతులకు గ్రీజు, మెడమీద చెమట. వచ్చినప్పటి నుంచి కూర్చోలేదు. కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతున్నాడు. రెండుసార్లు, "నేను వెళ్ళి వెతికొస్తా," అని చెప్పులేసుకున్నాడు. రెండుసార్లూ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నువ్వు కూడా కళ్ళముందు లేకపోతే నా ప్రాణం పోతుందిరా," అని.

"ఎందుకొద్దు?" అంది అక్క.

"ఏమని చెప్తావక్కా? ఫోనులో దొరికినవాణ్ణి కలవడానికి వెళ్ళిందనా? మూడు గంటలు కనబడకపోతే పోలీసులు నవ్వుతారు. ఆ మాట రేపటికి ఎన్ని నోళ్ళలో నానుతుందో తెలుసా?"

"నానితే నాననీ. ముందు పిల్ల దొరకాలి."

"నాలుగింటికల్లా వచ్చేస్తుంది. నా మాట విను. నాలుగింటిదాకా ఆగు."

ఇంతలో వాడి ఫోను మోగింది. బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పాపం, వాడి స్నేహితులందరినీ వెతకడానికి పురమాయిస్తున్నాడు కాబోలనుకుంది అక్క.

ఆమె ఫోను కూడా మోగింది. డ్రైవింగ్ స్కూలు మేడమ్.

"ఏమ్మా, చిట్టి వచ్చిందా?"

"లేదు మేడమ్."

"అయ్యో రామా. నేనిప్పుడు పార్కు ఎదురుగా ఉన్న హోటల్లోంచే మాట్లాడుతున్నా. కలిసేది ఇక్కడేనని పొద్దున నాకు చెప్పింది. వాళ్ళను అడిగా, అసలు రానేలేదట. వాడు ఆఖరి నిమిషంలో చోటు మార్చి ఉంటాడు. ఈ వెధవలు పదిమందిలో కలుద్దామని చెప్పి, పిట్టమనిషి లేనిచోటికి పిలుస్తారు. మా చుట్టాలమ్మాయి విషయంలోనూ ఇంతే జరిగింది."

"వాడి నంబరు గానీ, ఇంకేదైనా గానీ మీ దగ్గరుందా?"

"నంబరు లేదు. ఆ యాప్‌లోనే రాసుకునేవాళ్ళు. ఎందుకైనా మంచిదని వాడి ఫొటో మాత్రం నాకు పంపమన్నాను. పంపింది. ఇదిగో, నీకు పెడుతున్నా. మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు, అదే నా భయం."

ఫొటో వచ్చింది.

ముప్ఫయ్యేళ్ళ మనిషి. నుదుటిమీద జుట్టు. లేత ఆకుపచ్చ గోడ ముందు నిలబడి నవ్వుతున్నాడు. ఎక్కడా చూసిన ముఖం కాదు.

కానీ అక్క ముఖాలు చూసే మనిషి కాదు. పన్నెండేళ్ళుగా దంతాల ల్యాబులో పింగాణీ పళ్ళు చేస్తోంది. వీధిలో ఎవరైనా పలకరిస్తే పేరు గుర్తురాక నీళ్ళు నములుతుంది గానీ, వాళ్ళు నవ్వితే మాత్రం ఏ పన్ను పుట్టిందో ఏది పెట్టిందో చెప్పేస్తుంది. అలవాటుకొద్దీ వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది.

పై వరుస. ఎడమవైపు ముందుపన్ను. దాని మధ్యగా పైనుంచి కిందికి, వెంట్రుకకన్నా సన్నటి పగులు గీత.

అది పగులు కాదు. పక్కపంటికి అలాంటి గీత ఉంటే, దీనికీ లేకపోతే అతికించినట్టు కనబడుతుందని, రెండు పోగుల కుంచెతో, ఊపిరి బిగబట్టి, తనే గీసింది. కిందటేడు. నాలుగుసార్లు చెరిపి గీసింది.

"ఈ పన్ను నేనే చేశాను," అంది పైకి.

"ఏంటీ?" అంది అమ్మ.

అక్క ఫొటోను ఇంకా పెద్దది చేసింది. ఆమె బుర్ర చకచకా పరిగెడుతోంది. ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు. ఏదో ఆస్పత్రికి వచ్చిన పేషెంటు. పంటి రంగు కుదరడానికి పేషెంటు నవ్వే ఫొటో ఒకటి తీసి ల్యాబుకు పంపుతారు. గడ్డం కింద బూడిదరంగు అట్టముక్క పట్టుకోమంటారు. ఆ ఆస్పత్రి దీపాల వెలుగులో ప్రతి ఫొటో కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంటుంది. ఆ అట్టముక్క రంగును ఆధారం చేసుకుని ఆ పచ్చదనం తీసేస్తేగానీ అసలు రంగు తేలదు.

పేషెంట్ల ఫొటోలు ల్యాబు గుమ్మం దాటకూడదు. మొదటి రోజే సంతకం పెట్టించుకునే నియమం అది. కానీ కిందటేడు అమ్మకు జ్వరమొచ్చి వారం రోజులు ఇంట్లో ఉండాల్సివచ్చినప్పుడు, ఈ ఒక్క ఫొటోనీ ఇంటి ట్యాబులోకి పంపుకుంది. పచ్చదనం తీసే పని ఇక్కడే, ఈ బల్లమీదే చేసింది. పని అయ్యాక చెరిపేయడం మర్చిపోయింది.

చిట్టిని పిలిచినవాడి ఫొటోలో పచ్చదనం లేదు.

అక్క అలమార తెరిచి ట్యాబు తీసింది. వెతికింది. దొరికింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది. అదే నవ్వు. పసుపు పోయాక బయటపడిన అదే లేత ఆకుపచ్చ గోడ. ఒక్కటే తేడా. ట్యాబులో గడ్డం కింద బూడిదరంగు అట్టముక్క ఉంది. యాప్‌లోని ఫొటోను సరిగ్గా దాని పైవరకు కత్తిరించారు.

మళ్ళీ ఒకసారి రెంటినీ పోల్చి చూసుకుంది.

ఆస్పత్రిలో ఉన్నది పచ్చటి ఫొటో. ల్యాబులో ఉన్నదీ పచ్చటి ఫొటోయే. ఈ బాగుచేసిన ఫొటో ప్రపంచం మొత్తంమీద ఈ ట్యాబులో తప్ప ఇంకెక్కడా లేదు. ఈ ట్యాబు ఈ గుమ్మం ఎప్పుడూ దాటలేదు.

ఇంట్లో ఉండేది నలుగురు. తను చేయలేదు. చిట్టి తనను తాను మోసం చేసుకోదు. అమ్మకు ట్యాబు ఏ వైపు పైకో కూడా తెలియదు. ఇక మిగిలింది, దీన్ని కొన్న రోజున, "నీకు రాదులే అక్కా, ఇటివ్వు," అని తెర తెరుచుకునే తాళం గీత పెట్టిచ్చినవాడు.

"ఛీ," అనుకుంది. తన బుర్రమీద తనకే అసహ్యమేసింది. చిట్టికి సైకిలు నేర్పింది వాడు. ఉబ్బసం వచ్చిన ప్రతిసారీ వీపుమీద మోసుకెళ్ళింది వాడు. ఎవరైనా చూసి ఎత్తుకుపోయుండొచ్చు కదా ఆ ఫొటోని. ఎలా? ఏమో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ ఉన్నాడని నమ్మడానికే మనసొప్పకపోతే ఇక పట్టడమెక్కడ?

ట్యాబు చేతిలో పట్టుకునే బాల్కనీ తలుపు దగ్గరికి నడిచింది. అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నానని సగం దూరం వెళ్ళాకగానీ తెలియలేదు.

"...ఒక్కడివల్ల కాదురా, గంటసేపు చూశాను," అంటున్నాడు పండు గొంతు తగ్గించి. "లీవరు ఇటుంది, చక్రం అటుంది. చెయ్యి తీస్తే బ్రేకు పట్టేస్తోంది. ఇంకొకడు ఉండాల్సిందే... నాలుగింటికంటే ముందు రాలేవా? ఆ బస్సు తప్ప ఇంకేం లేదా?... లేదు లేదు, కంపెనీకి చెప్పకు. నీకు దణ్ణం పెడతా, కంపెనీకి మాత్రం చెప్పకు."

నాలుగింటికి.

అందుబాటులో లేదు అంటోంది ఫోను, రెండు గంటలకు పైగా. ఆపేసి ఉందనడం లేదు. ఎవడైనా లాక్కుని ఆపేసినా ఆ గొంతు వేరే మాట చెబుతుంది. ఫోను పనిచేస్తూనే ఉంది. సిగ్నలు అందని చోట ఉంది. నాలుగువైపులా ఉక్కు రేకు ఉన్న చోట.

గొలుసేసిన గేటు. ఏడంతస్తులు.

అక్క తలుపు తోసింది.

"ఎన్నో అంతస్తులో ఉందిరా?"

పండు ఉలిక్కిపడి ఫోను కట్ చేశాడు. "ఎవరు?"

"చిట్టి. ఎన్నో అంతస్తులో ఆగిపోయింది?"

"నువ్వేం మాట్లాడుతున్నావో నాకు..."

ట్యాబు వాడి ముఖానికెదురుగా పెట్టింది. వాడు ఫొటోను చూశాడు. అక్కను చూశాడు. బుగ్గలమీది రక్తమంతా దిగిపోయింది. రెయిలింగు పట్టుకుని మెల్లగా కింద కూలబడ్డాడు.

"నాలుగుకీ ఐదుకీ మధ్య," అన్నాడు.

"బతికుందా?"

"నేను అక్కణ్ణుంచి వచ్చేటప్పటికి తలుపు కొడుతూనే ఉంది అక్కా."

అంత మామూలుగా అన్నాడా మాట.  అక్క వాడి జుట్టు పట్టుకుని లేపింది. ఎప్పుడు లేపిందో, ఎప్పుడు హాల్లోకి ఈడ్చుకొచ్చిందో గుర్తులేదు. అమ్మ లేచి నిలబడింది.

"పావుగంటేననుకున్నా!" వాడు ఏడుస్తున్నాడు. "పావుగంట చీకట్లో ఉంటే భయమేసి బుద్ధొస్తుందనుకున్నా. ఎవడో ముక్కూముఖం తెలియనివాడు రమ్మంటే వెళ్ళిపోవడమేనా? ఎన్నిసార్లు చెప్పాను ఆ దిక్కుమాలిన యాప్ తీసెయ్యవే అని! వింటేనా? అందుకే నేనే ఒకణ్ణి తయారుచేశా. వెళ్తుందో లేదో చూద్దామని. నేనైతే దానికి ఏం కాదు కదా. వేరేవాడైతే? నేను కాబట్టి సరిపోయింది!"

"సరిపోయిందా?" అంది అక్క. "మూడు నెలలు నీ సొంత చెల్లెలికి ప్రేమ కబుర్లు రాశావా?"

"ప్రేమ కాదు... పాటలు, కార్లు, దానికిష్టమైనవి..."

"తర్వాత?"

"పైన మెయిన్ స్విచ్ ఆపి, మళ్ళీ వేస్తే బోర్డు కాలిపోయింది. మనిషి ఎక్కి ఉండగా, నడుస్తున్న లిఫ్టుకు మెయిన్ ఆపకూడదు. మాకు మొదటి పాఠమే అది. చేత్తో దింపుదామంటే ఇద్దరుండాలి. అలారం గంట ఇంకా కలపలేదు. పైనుంచి పలుకుదామంటే నా గొంతు గుర్తుపడుతుంది..."

"గుర్తుపడుతుందని," అంది అక్క నెమ్మదిగా, "అరుస్తున్న పిల్లను అలాగే వదిలేసి ఇంటికొచ్చావు. వచ్చి మాతోపాటు వెతుకుతున్నావు."

అమ్మ చెయ్యి గాల్లోకి లేచింది. వాడి చెంపమీద పడుతుందనుకుంది అక్క. ఆ చెయ్యి అమ్మ నోటిమీదే పడింది.

"ఇద్దరు కావాలన్నావుగా," అంది అక్క. "నేను రెండోదాన్ని. పద."

*

బండి వెనక కూర్చుని అగ్నిమాపక దళానికి ఫోను చేసింది. అడ్రసు రెండుసార్లు చెప్పింది. అంబులెన్సు కూడా కావాలంది.

"అక్కా, వాళ్ళనెందుకే? మనమే తీసేద్దాం," అన్నాడు పండు గాలిలోకి. "ఉద్యోగం పోతుంది. నాదొక్కటే కాదు, ఆ ఫొటో సంగతి తెలిస్తే నీదీ పోతుంది."

ఆ మాట నిజం.  భర్త నుంచి విడిపోయి వచ్చిన ఈ నాలుగేళ్ళూ అక్కను నిలబెట్టింది ఆ ల్యాబు బల్లే.

"నోరుమూసుకుని బండి నడుపు."

"దాని మంచికే చేశానక్కా. నీ సంసారం చూశాక కూడా..."

"నా పెళ్ళికి ఏడు తరాలు విచారించారు. నువ్వూ వెళ్ళొచ్చావు విచారించడానికి. బంగారంలాంటి పిల్లాడన్నావు. నడుపు."

గేటు తాళంచెవి వాడి జేబులోనే ఉంది. మెట్లెక్కడం మొదలుపెట్టారు. నాలుగో అంతస్తు దాటుతుండగా అక్క లిఫ్టు తలుపుల సందుకు నోరు ఆనించి అరిచింది. "చిట్టీ!"

ఏమీ లేదు.

"చిట్టీ! అక్కనే! ఒక్కసారి తట్టవే!"

చాలాసేపటికి, లోపలెక్కడో, రేకుమీద గోటితో కొట్టినంత చిన్న చప్పుడు. ఒకటి. మళ్ళీ ఒకటి. ఆగిపోయింది.

మిగతా మూడంతస్తులూ ఇద్దరూ ఎలా ఎక్కారో తెలియదు. డాబామీద చిన్న గది. తలుపుకు కొత్త తాళం. లోపల ఎండకు కాలి పెనంలా ఉన్న రేకు కప్పు, గ్రీజు కంపు, మనిషంత ఇనుప యంత్రం. దానికి ఒకవైపు ఎర్ర లీవరు. రెండోవైపు, చేతులు బార్లా చాపినా అందనంత దూరంలో చక్రం.

"నేను ఊ అన్నప్పుడు గట్టిగా కిందికి నొక్కు. ఆపు అనగానే వదిలెయ్. ఒక్క క్షణం ఆలస్యమైనా పెట్టె జారిపోతుంది."

"సరే."

"ఊ!"

అక్క ఒళ్ళంతా దానిమీద వేసింది. లోపలెక్కడో బ్రేకు విడిచిన శబ్దం. పండు నరాలు ఉబ్బేలా చక్రాన్ని తిప్పాడు. లావు తాడు జానెడు కదిలింది.

"ఆపు!"

వదిలింది. టక్కున పట్టేసింది. అంతదాకా రెండు పోగుల కుంచె పట్టిన చేతులు అవి. రెండోసారికి అరచేయి చర్మం లేచింది. మూడోసారికి రక్తం లీవరుకు అంటుకుంది.

"ఊ!... ఆపు!... ఊ!"

తాడుమీద అంతస్తు అంతస్తుకూ పూసిన పసుపు గుర్తు కనబడేదాకా అలా ఎన్నిసార్లు తిప్పారో లెక్కలేదు. కింద వీధిలో సైరను వినిపించింది. "ఐదుకొచ్చింది!" అని అరిచి పండు మెట్లమీదికి దూకాడు. అక్క వాడి వెనకే.

జేబులోంచి మూడుమూలల తాళంచెవి తీసి తలుపు పైనున్న రంధ్రంలో తిప్పాడు. రెండు తలుపులూ రెండు చేతులతో విడదీశాడు.

లోపలినుంచి వేడి గాలి ముఖంమీద కొట్టింది. చిట్టి మూలన కూర్చుని ఉంది. పసుపు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చేతిలో ఖాళీ అయిపోయిన మందు డబ్బా. ఊపిరి లాగిన ప్రతిసారీ పిల్లనగ్రోవి ఊదినట్టు చప్పుడు.

కళ్ళెత్తి చూసింది. ముందు కనిపించింది పండే.

"అన్నయ్యా," అంది. "వచ్చావా?"

వాడి మెడ రెండు చేతులా వాటేసుకుంది.

అగ్నిమాపక దళం వాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చారు. ముక్కుకు గాలి గొట్టం పెట్టారు. నీళ్ళు తాగించారు. పది నిమిషాలకు పెదవుల రంగు తిరిగింది. వాళ్ళలో ఒకడు పైకి వెళ్ళొచ్చి పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన నెరిసిన మీసాలవాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది దానంతటది ఆగలేదమ్మా. పైన మెయిన్ చేత్తో దించేసి ఉంది. గదికి కొత్త తాళం. గేటుకు గొలుసూ తాళమూ. ఎవరో కావాలని చేశారు. ఎవరు?"

"వాడే," అంది చిట్టి. గొంతు పూర్తిగా పెగలడం లేదు. "ఆ కాఫీ షాపువాడు. పైకి రా, చూపిస్తానన్నాడు. అన్నయ్యా... వాణ్ణి వదలకు. నువ్వు వాణ్ణి వదలకూడదు."

పండు చెయ్యిని అది రెండు చేతులతో పట్టుకునే ఉంది. పండు నేలకేసి చూస్తున్నాడు.

"ఎవడో మోసగాడు సార్," అన్నాడు. "ఈ రోజుల్లో ఫోనుల్లో..."

అక్క ఫోను మోగింది. అమ్మ.

"దొరికిందా? ప్రాణంతో ఉందా?"

"ఉందమ్మా."

అమ్మ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే అంది. "ఒసేయ్ పెద్దదానా, నా మాట విను. వాడు మూర్ఖుడు, కానీ దుర్మార్గుడు కాదు. ఇంట్లో మాట గడప దాటనివ్వకు. చిన్నదానికి కూడా చెప్పకు. తెలిస్తే అది బతకలేదు, వాడూ బతకలేడు. ఎవడో ఫోనువాడని చెప్పేసెయ్. ఆ ఫోనువాడు ఎలాగూ లేడు కదే. లేనివాడి మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు."

అక్క ఫోను చెవినుంచి దించింది. అమ్మ గొంతు అరచేతిలో చిన్నగా మాట్లాడుతూనే ఉంది.

లేనివాడి మీద వేస్తే నష్టం లేదు. నిజమే. చిట్టి ఈ రాత్రి ఇంటికెళ్తుంది. ఈ అన్నయ్య కాపలాలోనే పడుకుంటుంది. ఇక ఫోను ముట్టుకోదు. బయటికెళ్ళాలంటే వాడినే తోడు రమ్మంటుంది. జన్మంతా వాడికి రుణపడి ఉంటుంది. వాడు కోరుకున్నది అక్షరాలా అదే. ఆ పెట్టెలోంచి తీసి మళ్ళీ ఇంకో పెట్టెలో పెట్టినట్టు.

"అమ్మా," అన్నాడు పెద్దాయన ఆమెనే చూస్తూ. "మీకేమైనా తెలుసా?"

పండు తలెత్తాడు. చిన్నప్పుడు కప్పు పగలగొట్టి, అమ్మకు చెప్పొద్దని బతిమాలినప్పుడు చూసినట్టే చూశాడు.

అక్క వచ్చి చిట్టి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. రక్తమైన చెయ్యి చొక్కాకు తుడుచుకుని, దాని గడ్డం పట్టుకుంది.

"చిట్టీ, ఇటు చూడు. ఆ కాఫీ షాపు లేదు. ఆ ఫొటోలో మనిషి ఎవరో పాపం, వాడికి ఈ సంగతే తెలియదు. ఆ ఫొటో నా ట్యాబులోది. నేను ఇంటికి తేకూడనిది తెచ్చాను, ఆ తప్పు నాది. అది తీసుకుని మూడు నెలలు నీకు రాసిందీ, ఇందాక నిన్ను ఇక్కడికి పిలిచిందీ, పైన కూర్చుని స్విచ్ ఆపిందీ ఒక్కడే."

"ఎవరే?" అంది చిట్టి.

అక్క తల తిప్పి పెద్దాయనకు కూడా వినబడేలా చెప్పింది.

"మా తమ్ముడండీ. పండు."